ఉమ్మి పరీక్షతో చెరోకీలు కారు

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలో వంశవృక్షాల వెతుకులాట మీద వేసిన వ్యాసం చదివాను. గొట్టంలో ఇంత ఉమ్మి పోసి పంపితే ఒంట్లో చెరోకీ (అమెరికా ఆదివాసుల్లో ఒక తెగ) రక్తం ఎంత శాతమో చెబుతారనీ, ఆ కాగితం చూపిస్తే తెగవాళ్లు కార్డు ఇస్తారనీ, కార్డుంటే కాసినోల ఆదాయంలో వాటా ఇంటికొస్తుందనీ రాశారు. మూడు మాటలూ తప్పే. మామూలుగా అయితే పోనీలే అనుకునేదాన్ని. కానీ ఈ గొడవంతా మా ఇంట్లోనే ఎనిమిది నెలలు నడిచింది. ఆ కాగితాలు వెతికినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. 33 ఏళ్లు రెవెన్యూలో పనిచేసి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యాను. అందులో ఆరేళ్లు గోదావరి ఏజెన్సీలో. ఎస్టీ సర్టిఫికెట్ల దరఖాస్తుల మీద విచారణకు వెళ్లడం అప్పట్లో నా పని. ‘మా తాత కొండరెడ్డేనండి, మా ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు’ అంటూ ఫ్యాంటూ షర్టూ టక్కు చేసుకుని వచ్చేవాళ్లు. ఊళ్లోవాళ్లు చెప్పడం సరే, తాత పేరు ఏ అడంగల్లో ఉంది, నాన్న చదివిన బడి రిజిస్టర్లో కులం గడిలో ఏం రాశారు అని అడిగేదాన్ని. సగం మంది మళ్లీ కనిపించేవాళ్లు కాదు. ఆ అనుభవం ఓక్లహోమాలో పనికొస్తుందని కల్లో కూడా అనుకోలేదు.

ఇప్పుడు ఏడాదిలో ఆర్నెల్లు టల్సాలో మా అబ్బాయి ఇంట్లో ఉంటాను. కోడలు ఇక్కడి పిల్లే. వాళ్లమ్మను నేను వదినగారూ అంటాను. ఆవిడ నన్ను ‘వదీనా’ అని దీర్ఘం తీసి పిలుస్తుంది. డెబ్భై ఏళ్ల మనిషి, నోరారా మాట్లాడుతుంది. వాళ్లింట్లో హాల్లో కోడిగుడ్డు ఆకారం ఫ్రేములో ఒక గోధుమరంగు ఫొటో ఉంది. నల్లటి గౌను, మధ్యపాపిడి, భుజాల మీదుగా ముందుకు వేసుకున్న రెండు జడలు, కాస్త పైకి లేచిన బుగ్గ ఎముకలు. వదిన వాళ్ల నాయనమ్మకు తల్లి ఆవిడ. ‘మా ముత్తవ్వ చెరోకీ రాకుమారి’ అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ బుగ్గలు చూపిస్తుంది వదిన. నేను పెళ్లిచూపులకు వెళ్లినప్పుడే నాకు చూపించింది. (ఇక్కడ పెళ్లిచూపులంటే వాళ్లింట్లో భోజనం అని అర్థం చేసుకోండి.)

చెరోకీలకు రాజులు లేరు. రాజులే లేనప్పుడు రాకుమారులెక్కడి నుంచి వస్తారు? ఈ మాట తర్వాత ఓక్లహోమాలోనే తాలెక్వా అనే చెరోకీల ఊళ్లో ఒకాయన నవ్వుతూ చెప్పాడు. వారానికి ఇద్దరు ముగ్గురు రాకుమారుల మునిమనవరాళ్లు వస్తారట. 2010 జనాభా లెక్కల్లో తాము చెరోకీలమనీ, తమలో చెరోకీ అంశ ఉందనీ రాయించుకున్నవాళ్లు 8,19,105 మంది. తెగ పుస్తకాల్లో అప్పటికి అందులో సగం మంది కూడా లేరు.

మా మనవడికి తొమ్మిదేళ్లు. బళ్లో కుటుంబ వృక్షం గీసుకు రమ్మన్నారు. అమ్మ వైపు ఐదు తరాలు, నాన్న వైపు ఐదు తరాలు గడులు గీసి ఇచ్చారు. వాడు ముత్తవ్వమ్మ గడిలో ఈకలు పెట్టుకున్న బొమ్మ వేసుకుని కూర్చున్నాడు. వదిన ఇదే అదనుగా ఉమ్మి గొట్టం తెప్పించింది. ఆరు వారాలకు ఫలితం వచ్చింది: ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, చిటికెడు జర్మనీ. అమెరికా ఆదివాసుల పేరు ఎక్కడా లేదు. రెండు రోజులు వదిన ఫోన్ ఎత్తలేదు.

నిజానికి ఆ సున్నా చూసి ఏడవనక్కర్లేదు, ఒకవేళ రెండో మూడో శాతం వచ్చినా ఎగరనక్కర్లేదు. బిడ్డకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఆ సగంలో ఏ ముక్కలు పడతాయన్నది పేకముక్కలు కలిపి పంచినట్టే. ఏడెనిమిది తరాల వెనకటి ఒక ముసలమ్మ ముక్క మధ్యలో ఎక్కడో పూర్తిగా జారిపోవచ్చు. పోనీ మిగిలినా అది చెరోకీ ముక్కా, చొక్టా అనే ఇంకో తెగ ముక్కా, మెక్సికో వైపు ముక్కా అని తేల్చే పరీక్ష లేదు. 2018లో అమెరికా సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ఇలాగే తమ ఇంటి ఆదివాసీ కథకు రుజువుగా పరీక్ష చేయించుకుని ఫలితం బయటపెట్టారు. తెగ పౌరసత్వం తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్ష పనికిరాదని చెరోకీ నేషన్ (ఓక్లహోమాలోని చెరోకీల ప్రభుత్వం) తరఫున చక్ హోస్కిన్ జూనియర్ అప్పుడే ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత ఏడాది ఆయనే అక్కడ ప్రిన్సిపల్ చీఫ్, అంటే ప్రభుత్వాధినేత అయ్యారు. వారెన్ క్షమాపణ చెప్పుకున్నారు.

మరి దేంతో తేలుతుంది? కాగితంతో. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చెరోకీ నేషన్‌కు తాలెక్వా రాజధాని. ప్రభుత్వం, ఎన్నికలు, కోర్టులు అన్నీ ఉన్నాయి. పౌరులు నాలుగున్నర లక్షలు దాటారు. మీ వ్యాసంలో ‘అంతరించిపోతున్న తెగ’ అన్నమాట కూడా తీసేయండి. అక్కడ పౌరసత్వానికి రక్తం ఇంత ఉండాలన్న కొలతే లేదు. డాస్ రోల్ అనే జాబితాలో పేరున్న మనిషికి నువ్వు నేరుగా సంతానానివని చూపించాలి. నీ పుట్టుక సర్టిఫికెట్టు, నీ తల్లిదో తండ్రిదో, వాళ్ల తల్లిదో తండ్రిదో, అలా గొలుసు తెగకుండా ఆ జాబితాలో మనిషి దాకా. ఒక్క లింకు పోయినా దరఖాస్తు ముందుకు కదలదు. ఇవే చెరోకీలకు ఇంకో రెండు తెగ ప్రభుత్వాలున్నాయి, వాటి లెక్క వేరు: నార్త్ కరోలినాలోని ఈస్టర్న్ బ్యాండ్ వాళ్లు 1924 నాటి బేకర్ రోల్ చూసి పదహారో వంతు రక్తం ఉండాలంటారు, తాలెక్వాలోనే ఉన్న యునైటెడ్ కీటూవా బ్యాండ్ వాళ్లు నాలుగో వంతు అడుగుతారు. కాసినో వాటా సంగతి కూడా ఇక్కడే చెబుతాను. చెరోకీ నేషన్ తలా ఇంత అని డబ్బు పంచదు. ఆదాయం ఆస్పత్రులకూ ఇళ్లకూ చదువులకూ పోతుంది. తలసరి పంపకం ఉన్నది కరోలినా వాళ్లకు.

డాస్ రోల్ ఏమిటో మన రెవెన్యూ వాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. 1838-39 చలికాలంలో చెరోకీలను జార్జియా, టెన్నెసీ కొండల నుంచి సైన్యం పెట్టి ఇటు ఇప్పటి ఓక్లహోమాకు తోలారు. దారిలో సుమారు 4,000 మంది పోయారు. దాన్నే కన్నీటి బాట అంటారు. ఇటొచ్చాక భూమి తెగ మొత్తానికీ ఉమ్మడిగా ఉండేది. అరవై ఏళ్లకు అమెరికా ప్రభుత్వానికి ఆ ఉమ్మడి కూడా కళ్లలో పడింది. ఒక్కో మనిషి పేరా ముక్కలు కోసి పట్టాలిచ్చేసి మిగిలింది బయటవాళ్లకు తెరవాలని 1893లో డాస్ కమిషన్ వేశారు. పట్టా ఇవ్వాలంటే పట్టాదారు ఎవరో తేలాలి కదా, అందుకని 1898 నుంచి 1907 దాకా చెరోకీలతో కలిపి ఐదు తెగల జాబితాలు రాశారు. చెరోకీలకు సగటు నేల అయితే తలా 110 ఎకరాలు. రెండున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు పెడితే ఐదు తెగలకూ కలిపి లక్షకు కాస్త పైన నమోదయ్యారు. అంటే అది వంశావళి పుస్తకం కాదండీ, భూమి పంపకం రిజిస్టరు. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటవాళ్లకు పోకుండా 1/70 చట్టం ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లు ఆ తర్వాత ఆ పట్టాలు ఎవరి చేతుల్లోకి పోయాయో ఊహించుకోగలరు.

వదిన వాళ్లది అర్కన్సా. ఓక్లహోమాకు 1920ల్లో వచ్చారు. డాస్ జాబితాలో చేరాలంటే అప్పట్లో ఇండియన్ టెరిటరీలో, అంటే ఇప్పటి ఓక్లహోమాలో తెగలకు కేటాయించిన ప్రాంతంలో, కాపురం ఉండాలి. కాబట్టి అందులో వాళ్ల పేరు లేకపోవడం వింత కాదు. ‘చూశావా, ఊరు వేరు కాబట్టి లేదు, రక్తం లేక కాదు’ అని వదిన పట్టుబట్టింది. సరే, అయితే కింది నుంచి కట్టుకుంటూ పోదాం అన్నాను. అందరూ చేసే తప్పు అక్కడే: పై నుంచి రాకుమారిని పట్టుకుని కిందికి దిగుతారు. మనం దిగేది కాదు, ఎక్కాలి. వదిన పుట్టుక సర్టిఫికెట్టు, ఆవిడ తండ్రి మరణ సర్టిఫికెట్టు, నాయనమ్మ పెళ్లి రిజిస్టరు. ఆడవాళ్ల పుట్టింటి పేరు పట్టడమే గండం. పెళ్లయిన మర్నాటి నుంచీ పాత ఇంటిపేరు మాయం. కౌంటీ కోర్టులో పెళ్లి పుస్తకం చూస్తే తప్ప దొరకదు. జనాభా లెక్కల కాగితాలు 72 ఏళ్లు దాటినవి ఎవరైనా చూడొచ్చు. 1910, 1900 దొరికాయి, తర్వాత 1880. మధ్యలో 1890వి 1921లో వాషింగ్టన్‌లో మంటల్లో చెడి దాదాపు అన్నీ పోయాయి. ముత్తవ్వ పెళ్లి కాకముందు ఏ ఇంట్లో ఉందో చెప్పాల్సిన పుస్తకం సరిగ్గా అదే. మూడు పుస్తకాల్లోనూ ముత్తవ్వ పేరు పక్క రంగు గడిలో ఒకే అక్షరం: W, అంటే తెల్ల.

టల్సా నగర గ్రంథాలయంలో వంశవృక్షాల కోసమే ఒక విభాగం ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి మా వాలకం చూసి, ‘మిల్లర్ దరఖాస్తుల్లో చూశారా?’ అంది. తూర్పు చెరోకీలకు పాత ఒప్పందాల కింద రావాల్సిన బాకీ ఇవ్వాలని కోర్టు తీర్పు వస్తే, 1906లో కాంగ్రెస్ పది లక్షల డాలర్లకు పైగా మంజూరు చేసింది. ఎవరెవరికి చెందుతుందో తేల్చడానికి గయన్ మిల్లర్ అనే ఆయన్ను వేశారు. దీనికి టెరిటరీలో ఉండక్కర్లేదు, దేశంలో ఎక్కడున్నా పెట్టుకోవచ్చు. డబ్బు మాట వినపడితే ఇంకేముంది, 45 వేల పైచిలుకు దరఖాస్తులు, సుమారు 90 వేల మంది పేర్లతో. ఒప్పుకున్నది 30 వేల చిల్లర.

అందులో ఉంది ముత్తవ్వ. తెర మీద ఆ కాగితం వచ్చేసరికి వదిన నా చెయ్యి పట్టుకుంది.

అచ్చు ఫారం, మధ్య ఖాళీల్లో సిరా రాత. గడువు 1907 ఆగస్టు 31. ఆవిడ ఆగస్టులోనే పెట్టింది. మొదట ఇంగ్లీషు పేరు, కింద ఇండియన్ పేరు. ఇంగ్లీషు పేరు చక్కగా రాసి, ఇండియన్ పేరు దగ్గర గీత గీసింది. తల్లిదండ్రులు 1851లో ఎక్కడున్నారు అన్నదానికి టెన్నెసీలో ఒక కౌంటీ పేరు. పిల్లల వరస, అందులో పదమూడేళ్ల పిల్లగా వదిన నాయనమ్మ. తాతలూ అమ్మమ్మలూ నాయనమ్మల పేర్లు రాసే చోట రాత సన్నబడింది, రెండు కొట్టివేతలు. చివర ఇతర వివరాలు అన్న చోట రాసిన మాటల సారం ఇది: మా నాయనమ్మ చెరోకీ అని ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవారు, ఆమె ఇండియన్ పేరు నాకు తెలియదు.

వదిన ఆ వాక్యాన్ని రెండు మూడుసార్లు పైకే చదివింది. ఆఖరికి ‘అయితే ఈవిడ కాదా?’ అంది. అదే నాకూ తట్టింది. 1907లో ముత్తవ్వ తన నాయనమ్మను చూపించింది. 1960ల్లో వదిన నాయనమ్మ తన తల్లిని చూపించింది. ఇంకో రెండు తరాలు పోతే మా మనవడి పిల్లలు ఈ వదిన ఫొటోనే ఫ్రేము కట్టించి బుగ్గ ఎముకలు చూపిస్తారేమో. కథ ఎప్పుడూ ఒక చెయ్యి దూరంలోనే ఉంటుంది, కాగితానికి అందదు. ఏజెన్సీలో నా ముందుకొచ్చిన తాతలు కూడా ఇలాగే ఉండేవారు.

దరఖాస్తు తిరస్కరించారు. ఊరికే కొట్టేయలేదు లెండి, పద్ధతిగానే చూసేవారు. 1835లో తరిమివేతకు ముందు రాసిన జాబితా, 1851లో పడమట రాసిన డ్రెన్నెన్ రోల్, తూర్పున సైలర్ రోల్, మరుసటి ఏడాది చాప్‌మన్ రోల్, వీటిల్లో తాత ముత్తాతల పేర్లు తగులుతాయా అని గుమాస్తాలు సరిచూశారు. ఏదీ తగల్లేదు. నాకు మాత్రం గుమాస్తాల కన్నా ఆ కౌంటీ పేరే చాలనిపించింది. సర్వే పటం తీయించాను. అది టెన్నెసీ పడమటి కొస, మిసిసిపీ నది వైపు. 1818లో అమెరికా ఆ ప్రాంతం కొన్నది చికాసాలనే వేరే తెగ దగ్గర. చెరోకీల సీమ టెన్నెసీ తూర్పు కొండల్లో ఉండేది. చెరోకీ ముసలమ్మ అక్కడికి వెళ్లి కాపురం పెట్టకూడదని లేదు, కానీ సర్వే నంబరే కుదరని దస్తావేజును నేనైతే ఫైల్లో పెట్టుకోను.

ఇంతా రాసి ఆ జాబితాలేవో దేవుడు రాసినవన్నట్టు చెబుతున్నానని అనుకోకండి. ఏ రిజిస్టరైనా రాసినవాడి బుద్ధి ఎంతో అంత. రెడ్‌బర్డ్ స్మిత్ వెనక నడిచిన సంప్రదాయవాదులు భూమి ముక్కలు చేయడమే తప్పని, పేరు రాయించుకునేది లేదన్నారు. 1902లో ఆయన్ను జైల్లో పెట్టారు. ఇటు పైసా సంబంధం లేనివాళ్లు సాక్షులతో లైన్లో నిలబడ్డారు. అటు అసలువాళ్లు అడవిలో దాక్కున్నారు. ఇంకో దారుణం ఉంది. చెరోకీల్లో ధనికులు నల్లవాళ్లను బానిసలుగా పెట్టుకునేవారు. 1866 ఒప్పందం ఆ విడుదలైనవాళ్లకూ వాళ్ల సంతానానికీ పూర్తి హక్కులిచ్చింది. కానీ డాస్ గుమాస్తాలు ఒళ్లు నల్లగా ఉంటే చాలు, తల్లో తండ్రో చెరోకీ అయినా ‘ఫ్రీడ్‌మెన్’ అనే వేరే జాబితాలో పడేసి, రక్తం గడి ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీ గడి చూపించే 2007లో వాళ్లను పౌరసత్వం నుంచి తీసేయడానికి ఓటు వేశారు. 2017లో ఫెడరల్ కోర్టు కాదంది. 2021లో చెరోకీ సుప్రీంకోర్టు రాజ్యాంగంలోంచి ‘రక్తం చేత’ అన్న మాటే కొట్టేసింది. వందేళ్ల కింద ఎవడో బద్ధకించి నింపని గడికి ఎంత ఖరీదో చూడండి. నేను నింపిన గడులు కొన్ని గుర్తొచ్చి ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

కాస్త నవ్వుకునే ముచ్చట కూడా చెబుతాను. మనవణ్ణి బళ్లో వేసేటప్పుడు మావాడు ఫారంలో ‘అమెరికన్ ఇండియన్’ దగ్గర టిక్కు పెట్టాడు. వాడి లెక్క వాడిది: అమెరికా పౌరుడు, ఇండియా వాడు. బడి నుంచి ఫోన్ వచ్చింది, ‘ఏ తెగ, కార్డు నంబరెంత?’ అని. మన తెలుగువాళ్లలో ఈ టిక్కు పెట్టినవాళ్లు మావాడొక్కడే కాదని తర్వాత తెలిసింది. దయచేసి చూసి పెట్టండి.

శనివారం ఒకటి చూసుకుని తాలెక్వా వెళ్లాం, టల్సా నుంచి గంటంబావు. వీధి పేర్ల బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు చెరోకీ అక్షరాలున్నాయి. 1821లో సెక్వోయా అనే ఆయన, ఇంగ్లీషు చదవడం రాయడం రానివాడు, ఒక్కడే కూర్చుని తయారుచేసిన లిపి. ఇప్పుడు 85 అక్షరాలు వాడుకలో ఉన్నాయి. వదిన తలపట్టుకుంది గానీ నాకు కొత్త అనిపించలేదు. ‘చెరోకీ’ అన్నది బయటివాళ్ల పలుకు, వాళ్లు అనుకునేది ‘త్సలగీ’. త్స, ల, గి, మూడే అక్షరాలు. మనలాగే ఒక్కో అచ్చుకూడిన హల్లుకు ఒక్కో అక్షరం. కాకపోతే గుణింతం లేదు, క వేరు బొమ్మ, కి వేరు బొమ్మ.

అక్కడ మాతో మాట్లాడిన పెద్దాయన వదిన కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశాడు. కార్డు సంగతి ఎత్తలేదు. వాళ్లలో ఏడు వంశాలున్నాయనీ, తోడేలు, జింక, పక్షి ఇలా పేర్లుంటాయనీ, బిడ్డది ఎప్పుడూ తల్లి వంశమేననీ, ఒకే వంశంలో పెళ్లి కూడదనీ చెప్పాడు. అదిగో మా గోత్రం లాగే అన్నాను ఉత్సాహంగా. ‘మీ అమ్మకు తల్లి, ఆమెకు తల్లి పేరేమిటి?’ అని అడిగాడు. మాది తండ్రి వైపు లెక్క అన్నాను. ‘కావచ్చు, ఆమె పేరేమిటి?’ అన్నాడు మళ్లీ.

నాకు తెలియదు.

తిరుగు దారంతా దీని గురించే ఆలోచించాను. అన్నయ్య తర్పణం వదిలేటప్పుడు అమ్మ, నాయనమ్మ, ఆవిడ అత్తగారు వస్తారు. అమ్మ వైపు చూస్తే అమ్మమ్మ, ఆవిడ అత్తగారు, ఆ అత్తగారి అత్తగారు. ఎన్ని వరసలు తిప్పినా అమ్మమ్మను కన్నతల్లి పేరు మాత్రం ఎక్కడా రాదు. మేనమామ కొడుక్కి ఫోన్ చేస్తే ‘కోటిపల్లి వైపు వాళ్లమ్మా, పేరెవరికి తెలుసు’ అన్నాడు. వదిన ముత్తవ్వకు తెల్ల అని రాసినా పేరూ పుట్టిన ఊరూ ఉన్నాయి. నా ముత్తవ్వకు అవీ లేవు.

మనవడి పటం పూర్తయింది. వదిన ఈకల బొమ్మను తనే చెరిపింది. ఆ గడిలో టెన్నెసీ కౌంటీ పేరు రాసి, పక్కన చిన్న అక్షరాలతో ‘1907లో దరఖాస్తు, తిరస్కృతి’ అని రాయించింది. ఫొటో మాత్రం హాల్లోనే ఉంది, బుగ్గల ప్రసక్తి తగ్గింది. నాన్న వైపు కొసన ఉన్న గడిలో పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఉంచాం. అమ్మమ్మకు పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు రాసిచ్చిన అరెకరం దస్తావేజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉండాలి. రాసిచ్చింది తల్లే అయితే పేరు దొరుకుతుంది. నకలుకు దరఖాస్తు పెట్టమని అన్నయ్యకు చెప్పాను. మీరు ఆ మూడు తప్పులకూ సవరణ వేస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
రిటైర్డ్ డిప్యూటీ తహశీల్దారు,
టల్సా, ఓక్లహోమా